మూడు నిశ్శబ్దాలు

గౌరవనీయులైన సభాధ్యక్షులకు, నన్ను ఈ వేదిక మీదికి పిలిచిన నిర్వాహక మిత్రులకు, పనులు మానుకొని వచ్చిన పెద్దలకు, ముందు వరుసల్లో కూర్చున్న విద్యార్థులకు నా నమస్కారాలు. అధ్యక్షులు నా గురించి ఎంతో అభిమానంతో మాట్లాడారు, వారికి కృతజ్ఞుణ్ణి. ఈ సభ కోసం నెల రోజులుగా తిరుగుతున్న యువకుల పేర్లు ఒక్కొక్కటిగా చెప్పాలని ఉన్నా, వారే వద్దని వారించారు కనుక అందరికీ కలిపి ఒక్క నమస్కారం పెట్టి విషయంలోకి వస్తాను.

ఈ రోజు జూలై 18. కెనడాకు చెందిన స్వరకర్త ఆర్. మర్రే షేఫర్ 1933లో ఈ రోజునే పుట్టారు. ఒక ప్రదేశానికి కంటికి కనిపించే రూపం ఉన్నట్లే, అక్కడ వినిపించే ధ్వనులన్నీ కలిసి చెవికి మాత్రమే తెలిసే మరో రూపాన్ని ఇస్తాయనీ, దాన్ని కూడా గమనించి, నమోదు చేసి, కాపాడుకోవలసి ఉంటుందనీ ఆయన 1960ల చివరి నుంచి చెబుతూ వచ్చారు. 2021లో ఆయన కన్నుమూశారు. 2010 నుంచి ఆయన పుట్టినరోజును ప్రపంచ శ్రవణ దినంగా జరుపుతున్నారు, ఆ పేరు మీదే మనం ఇక్కడ కూడాము.

నిర్వాహకులు నన్ను శబ్ద కాలుష్యం గురించి మాట్లాడమన్నారు. మోత ఎక్కువైతే వచ్చే నష్టం గురించి తప్పకుండా మాట్లాడతాను. అయితే నేను దానికి రెండో వైపు నుంచి, అంటే వినిపించకుండా పోయిన వాటి వైపు నుంచి రావడానికి అనుమతించమని కోరుతున్నాను. ఎందుకంటే మోత పెరిగితే ఎవరో ఒకరు ఫిర్యాదు చేస్తారు, కానీ ఒక చోట ఉండవలసిన ధ్వని లేకుండా పోతే ఫిర్యాదు చేసేవారు ఉండరు. అంతకంటే బాధాకరంగా, దాన్ని ప్రశాంతత అనుకొని మెచ్చుకునేవారు కూడా ఉంటారు. నేను కూడా ఒకప్పుడు అలా మెచ్చుకున్నవాణ్ణే.

మన భాషలో ధ్వనికి ఉన్న మాటలను ఒక్కసారి తలచుకోండి. చప్పుడు వేరు, సడి వేరు, సవ్వడి వేరు. రొద, మోత, హోరు, ఘోష, ఇవేవీ ఒకదాని స్థానంలో మరొకటి ఇమడవు. సముద్రానికి హోరు ఉంటుంది, ఆకులకు గలగల ఉంటుంది, మువ్వలకు సవ్వడి ఉంటుంది. వీటన్నిటిలో నాకు అమూల్యంగా తోచేది అలికిడి. ఇంట్లో మనిషి ఉన్నాడో లేడో తెలియనప్పుడు మనం తలుపు దగ్గర నిలబడి, అలికిడి ఉందా అని చూస్తాం. అలికిడి అంటే ఉనికిని తెలిపే ధ్వని. ఒక చోటు ప్రాణంతో ఉందో లేదో తెలిపేది కూడా అదే. నేను చెప్పబోయేదంతా ఆ మాట చుట్టూనే తిరుగుతుంది.

నేను ఉద్యోగరీత్యా 26 ఏళ్లు ఇంజను గదిలో పనిచేశాను. చెవులకు రక్షణ పెట్టుకోమని గోడ మీద రాసి ఉండేది కానీ, అది పెట్టుకుంటే యంత్రంలో వచ్చే చిన్న తేడా వినిపించదని మేమెవరమూ పెట్టుకునేవాళ్లం కాదు. కొన్నేళ్ల క్రితం ఒక రాత్రి, అప్పటికి ఎనిమిదేళ్లున్న నా మనుమరాలితో కలిసి ఒక గడ్డినేల పక్కన కూర్చున్నాను. వెన్నెల బాగా కాస్తోంది. రాత్రి ఎంత ప్రశాంతంగా ఉందో చూడమ్మా అన్నాను. ఆ పిల్ల నా ముఖంలోకి వింతగా చూసి, "ఇంత గోలగా ఉంటే ప్రశాంతమంటావేమిటి తాతయ్యా?" అంది. ఏమి గోల అని అడిగాను. కీచురాళ్లు అంది. ఎక్కడ అని అడిగితే చేయి చాచి నాలుగు దిక్కులూ చూపించింది. చెవి వెనక అరచేయి దొప్పలా పెట్టుకొని, ఊపిరి బిగబట్టి విన్నాను. గాలి వినిపించింది, దూరాన ఒక కుక్క మొరగడం వినిపించింది, ఇంకేమీ లేదు. అప్పుడు ఆ పిల్ల నా అరచేతిని తన ఒడిలోకి లాక్కొని చూపుడు వేలితో తట్టడం మొదలుపెట్టింది. మూడు తట్లు, కాస్త విరామం, మళ్లీ మూడు తట్లు. "ఇదిగో, ఈ గడ్డిలోది ఇలా అరుస్తోంది. అవతలిది ఇంకొంచెం తొందరగా అరుస్తోంది" అని రెండో చేతిలో ఇంకో వేగంతో తట్టింది. అలా ఆ రాత్రి నా రెండు అరచేతుల్లో రెండు కీచురాళ్లు పలికాయి.

తరువాత వినికిడి పరీక్ష చేయించుకున్నాను. ఆ పరీక్షాఫలితాన్ని గీతగా గీసి ఇస్తారు. నా గీత కొంతదూరం బాగానే నడిచి, 4,000 హెర్ట్జ్ దగ్గర, అంటే సెకనుకు నాలుగు వేల కంపనాలుండే సన్నని ధ్వని దగ్గర, బావిలోకి జారినట్లు కిందికి దిగింది. ఏళ్ల తరబడి పెద్ద మోతలో పనిచేసినవారి చెవి ముందుగా దెబ్బతినేది సరిగ్గా అక్కడే. గడ్డినేలల్లో ఉండే కీచురాయి పాడేది కూడా దాదాపు 4,000 నుంచి 5,000 హెర్ట్జ్ మధ్యనే. లోపలి చెవిలో నత్తగుల్ల ఆకారంలో ఉండే కోక్లియాలో సుమారు 15,000 కేశకణాలు ఉంటాయి. ధ్వని కంపనాన్ని మెదడుకు అర్థమయ్యే సంకేతంగా మార్చేవి అవే. పక్షుల్లో ఈ కణాలు చనిపోతే తిరిగి మొలుస్తాయని 1980ల చివరలో తేలింది. మనుషుల్లో మొలవవు. ముందు వరుసల్లోని పిల్లలారా, చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకొని ధ్వని పెంచే ముందు ఈ ఒక్క సంగతి గుర్తుంచుకోండి. నన్ను చూసి గుర్తుంచుకోండి.

ఇది మొదటి నిశ్శబ్దం. పాడేది పాడుతూనే ఉంది. వినే చెవి పోయింది.

రెండో నిశ్శబ్దం హవాయి దీవుల్లోని కవాయిలో దొరికింది. మార్లీన్ జుక్ అనే జీవశాస్త్రవేత్త అక్కడి కీచురాళ్లను 1991 నుంచి పరిశీలిస్తూ వచ్చారు. కీచురాయి గొంతుతో పాడదు. ఒక రెక్క మీద ఆకురాయి పళ్ల వంటి గరుకు ఉంటుంది, దానిమీద రెండో రెక్క అంచును రాపాడిస్తుంది. మగది ఆడదాన్ని పిలవడానికి పాడుతుంది. అయితే ఆ దీవిలో ఒక పరాన్నజీవి ఈగ ఉంది. అది చీకట్లో ఆ పాటనే దారిగా చేసుకొని వచ్చి, కీచురాయి మీద తన పిల్లపురుగులను వదులుతుంది. అవి లోపలికి దూరి, వారం రోజుల్లో దాన్ని తినేసి బయటికి వస్తాయి. ఏటికేడు పాట తగ్గుతూ, 2003 నాటికి దాదాపు వినిపించకుండా పోయింది. జాతి అంతరించిందనే భయంతోనే జుక్ తలకు దీపం కట్టుకొని గడ్డిలోకి వెళ్లారు. చూస్తే కీచురాళ్లు కుప్పలుగా ఉన్నాయి. రెక్క మీది గరుకును నున్నగా చేసిన ఒక జన్యుమార్పు, ఇరవై తరాలు కూడా గడవకముందే ఆ దీవిలోని మగవాటిలో నూటికి తొంభైకి పైగా వ్యాపించింది. పాడితే చావు, పాడకపోతే జోడు దొరకదు. ఆ ఇరుకులోంచి అవి కనుక్కున్న దారి ఏమిటంటే, ఇంకా పాడగలిగిన కొద్దిపాటి మగవాటి చుట్టూ ఈ మూగవి చేరి, పాట విని వచ్చే ఆడవాటిని దారిలో కలుసుకోవడం. ఒక పాట దాన్ని వినే శత్రువు చెవి వల్ల జీవి దేహాన్నే మార్చివేసింది. ధ్వని జీవులను మలుస్తుందని మనం మాటవరసకు అంటాం. అక్కడ అది రెక్క మీద కంటికి కనిపిస్తుంది.

మూడో నిశ్శబ్దం అసలైనది. కాలిఫోర్నియాలో, సియెరా నెవాడా కొండల మధ్య లింకన్ మెడో అనే పచ్చికబయలు ఉంది. ఆ చుట్టుపక్కల అడవిలో అన్ని చెట్లనూ నరికివేయకుండా, అక్కడొకటి ఇక్కడొకటి ఎంచి నరికితే అడవికి ఏ హానీ ఉండదని కలప కోసేవారు నమ్మబలికారు. సంగీతకారుడైన బెర్నీ క్రాస్ ఆ నరుకుడుకు ముందు, 1988లో, తెల్లవారుజామున అక్కడి ధ్వనిని రికార్డు చేశారు. 1989లో, నరికాక, అదే నెలలో అదే వేళకు మళ్లీ వెళ్లారు. ఫొటో తీస్తే తేడా లేదు. చెట్లు నిలబడే ఉన్నాయి, పచ్చిక పచ్చగానే ఉంది. రికార్డింగులో మాత్రం వాగు పారుతున్న సడి, వడ్రంగిపిట్ట ఒకటి మాను కొడుతున్న చప్పుడు, అంతే మిగిలాయి. తరువాతి పాతికేళ్లలో పదిహేనుసార్లు వెళ్లినా పాత సందడి తిరిగి రాలేదని ఆయన చెప్పారు.

ఇక్కడి నుంచి నేను రాసుకొచ్చిన వరుస వేరుగా ఉంది. కానీ లింకన్ మెడో పేరు ఎత్తాక నాకు ఒక చెరువు గురించి చెప్పకుండా ముందుకు పోవడం సాధ్యం కావడం లేదు. అధ్యక్షుల వారు మన్నించాలి.

నేను పనిచేసిన చోటికి నడిచి వెళ్లేంత దూరంలో ఒక చెరువు ఉండేది. రాత్రంతా ఇంజన్ల మోతలో గడిపి, పొద్దు పొడవకముందే ఆ గట్టు మీదికి వెళ్లి కూర్చోవడం నాకు అలవాటు. ఒక క్యాసెట్ రికార్డరు, ఒక మైకు కొనుక్కున్నాక, ఏ శాస్త్రీయ ఉద్దేశమూ లేకుండా, అక్కడి తెల్లవారుజాములను రికార్డు చేయడం మొదలుపెట్టాను. పదకొండేళ్లలో నూటికి పైగా టేపులయ్యాయి. గట్టు వెంట జమ్ము, తుంగ దట్టంగా పెరిగి ఉండేవి. చినుకులు పడ్డ రాత్రుల తరువాత కప్పల బెకబెకలతో పక్కనున్న మనిషి మాట వినిపించేది కాదు. అవి ఒక్కసారిగా ఆగేవి. ఎందుకు ఆగాయో తెలియక నేను చుట్టూ చూస్తే, కొంగ ఒకటి అడుగు తీసి అడుగు వేస్తూ వస్తుండేది.

తరువాత ఆ చెరువును సుందరీకరించారు. జమ్ము పీకేశారు, గట్టుకు రాతి పలకలు పరిచారు, చుట్టూ నడక దారి వేశారు, స్తంభాలకు తెల్లటి దీపాలు పెట్టారు, నీటి మధ్యలో రాత్రింబవళ్లు తిరిగే పంపుతో ఫౌంటెన్ అమర్చారు. చెరువు నిజంగానే అందంగా కనిపించింది. రెండు వర్షాకాలాలు గడిచాక అక్కడికి వెళితే కప్పల గొంతులు ఇంచుమించు లేవు. కీచురాళ్లు లేవు. కానీ అప్పటికి నా మనుమరాలి సంగతి జరిగిపోయింది. నా చెవి మీద నాకు నమ్మకం పోయింది. ఈ నిశ్శబ్దం చెరువుదా, నాదా? దీన్ని తేల్చుకోకుండా ఎవరినీ నిందించకూడదని అనుకున్నాను.

అందుకని పాత టేపులనూ, కొత్తగా చేసిన రికార్డింగులనూ కంప్యూటరులోకి ఎక్కించి, స్పెక్ట్రోగ్రామ్ అనే చిత్రాలుగా మార్పించుకున్నాను. అందులో అడ్డంగా కాలం, నిలువుగా పౌనఃపున్యం, అంటే సెకనుకు ఎన్ని కంపనాలో ఆ లెక్క, ఉంటాయి. బిగ్గరగా ఉన్నచోట మరక ముదురుగా పడుతుంది. పాత టేపు చిత్రాన్ని తెల్ల కాగితం మీద అచ్చు తీయించి చూసిన రోజు నేను చాలాసేపు కుర్చీలోంచి లేవలేదు. అడుగున కప్పలు ఇటుకలు పేర్చినట్లు వరుసగా ఉన్నాయి. వాటిపైన 4,000 దాటిన చోట కీచురాళ్లు, ముగ్గు చుక్కలు పెట్టినట్లు, మూడేసి చుక్కలుగా కాగితం ఈ చివరి నుంచి ఆ చివరిదాకా ఉన్నాయి. నాకు వినిపించనివి నాకు కనిపించాయి. ఈ రెండింటి నడుమ ఖాళీలో పిట్టల కూతలు వంకర గీతలుగా లేచి వాలుతున్నాయి. ఎవరి చోటులో వారున్నారు. ఒకే పాకలో ఒకరినొకరు తోసుకోకుండా సర్దుకొని పడుకున్న కుటుంబంలా ఉంది ఆ కాగితం. చాలాకాలం కలిసి బతికిన జీవులు ధ్వనిలోనూ తలా కొంత చోటు పంచుకుంటాయన్నది క్రాస్ చేసిన ప్రతిపాదన. అన్ని అడవుల్లోనూ అది ఒకేలా నిలబడుతుందా అని శాస్త్రజ్ఞులు ఇంకా వాదించుకుంటున్నారు. నా చెరువు టేపులో మాత్రం నేను దాన్ని వేలితో తాకి చూశాను. కొత్త చిత్రంలో అడుగున పంపు మోత ఒక మందమైన నల్లని పట్టీగా ఉంది. పైన కాగితం తెల్లగా ఉంది.

ఈ రెండు కాగితాలూ, రెండు టేపులూ, రికార్డరూ పట్టుకొని, ఆ చెరువు పని మీద అభిప్రాయాలు వినడానికి ఏర్పాటు చేసిన సమావేశానికి వెళ్లాను. ఎవరి పేరూ, ఏ కార్యాలయం పేరూ చెప్పను. వారిలో మంచివారు కూడా ఉన్నారు. నాలుగు నిమిషాలు వినండి, పాతది రెండు నిమిషాలు, కొత్తది రెండు నిమిషాలు, అని అడిగాను. ఫొటోలు ఉన్నాయా అని అడిగారు. ఫొటోల్లో చెరువు ముందుకంటే బాగుంటుందండీ, అందుకే వినమంటున్నాను అన్నాను. నివేదిక నమూనాలో ధ్వనికి ఒకే గడి ఉందనీ, అందులో డెసిబెళ్లు, అంటే ధ్వని ఎంత బిగ్గరగా ఉందో చెప్పే సంఖ్య, మాత్రమే రాయాలనీ, పనికి ముందూ పని తరువాతా కూడా ఆ సంఖ్య పరిమితిలోనే ఉందనీ చూపించారు. అది నిజమే. బస్తా తూకం వేసి బరువు చెప్పినంత మాత్రాన అందులో ఉన్నది వడ్లో ఇసుకో తెలియదు. కప్పల మేళానికీ పంపు మోతకూ డెసిబెళ్లు సమానంగా ఉండవచ్చు. ఈ మాట నేను చెప్పాను. నాలుగు నిమిషాలు మాత్రం నాకు దొరకలేదు. చెవిటివాని ముందు శంఖం ఊదినట్లు అని మనకొక సామెత ఉంది. ఆ సామెత నాకిప్పుడు న్యాయంగా తోచదు, ఎందుకంటే చెవులు పనిచేయని నేను అరచేతులతో విన్నాను. ఆ గదిలో ఉన్నవారందరి చెవులూ బాగా పనిచేస్తున్నాయి.

చివరికి వారిలో ఒకరు, దయగానే, ఒక ప్రశ్న వేశారు. కప్పలు పోతే వాటి శబ్దం కూడా పోతుంది, అది ఫలితమే కదండీ, శబ్దం గురించి ప్రత్యేకంగా పట్టించుకోవలసిన పని ఏముంది అన్నారు. ఆ రోజు నేను తడబడి ఏదో చెప్పి వచ్చేశాను. ఇన్నేళ్లలో ఆ ప్రశ్నకు జవాబు వెతుక్కోవడమే నా పనయింది. మీరు అనుమతిస్తే ఆ జవాబు ఇక్కడ చెబుతాను.

దానికి ముందు ఒక చిన్న కోరిక. ఈ హాలులో ఏసీలు, ఫ్యాన్లు ఒక్క నిమిషం ఆపించమని నిర్వాహకులను కోరుతున్నాను. మైకు కూడా ఆపండి. ఏమి వినిపిస్తుందో ఎవరికి వారు లెక్కపెట్టుకోండి.

(సభలో ఒక నిమిషం పాటు అన్నీ ఆపివేశారు.)

ధన్యవాదాలు. వెనక వరుసలోంచి ఒకరు గడియారం ముల్లు అన్నారు. ఒక అమ్మాయి, కిటికీ బయట పిట్టలు రెండు, రెండూ వేరు వేరు అంది. ఇప్పటిదాకా అవి అక్కడే ఉన్నాయి, మన ఫ్యాన్లు వాటిని కప్పేశాయి. మనకు అది ఒక నిమిషం ముచ్చట. ఆ పిట్టలకు మాత్రం జోడును పిలవడం, పిల్లలకు పామును గురించి చెప్పడం, ఇది నా చోటని పొరుగువాడికి తెలియజేయడం, అన్నీ ఆ గొంతు మీదే ఆధారపడి ఉన్నాయి.

శబ్దం ఫలితమే కదా అని అడిగినవారికి నా మొదటి జవాబు, అసలు లేనే లేని ఒక రోడ్డు. అమెరికాలోని ఐడాహోలో, రోడ్డంటూ లేని ఒక కొండ అంచున, వలస పక్షులు ఆగి మేత మేసే చోట, బాయిసీ స్టేట్ విశ్వవిద్యాలయ పరిశోధకులు అర కిలోమీటరు పొడవునా చెట్లకు లౌడ్‌స్పీకర్లు కట్టి, వాహనాల మోత రికార్డును నాలుగు రోజులు వినిపిస్తూ, నాలుగు రోజులు ఆపుతూ వచ్చారు. ఒక్క చెట్టు నరకలేదు, ఒక్క బండి నడవలేదు, పొగ లేదు, దీపం లేదు. మోత ఉన్న రోజుల్లో పక్షుల సంఖ్య నాలుగో వంతుకు పైగా తగ్గింది. 2013లో ఈ ఫలితం వెలువడింది. ఆ తరువాత అక్కడే ఉండిపోయిన పక్షులను పట్టుకొని తూచి చూస్తే, అవి రావలసినంత బరువు రాలేదు. శత్రువు అలికిడి వినిపించనప్పుడు మాటిమాటికీ తల ఎత్తి చూడవలసి వస్తుంది. తల ఎత్తిన ప్రతిసారీ ఒక ముద్ద పోతుంది. ధ్వని ఒక్కటే, ఇంకేమీ తోడు లేకుండా, మంచి మేత ఉన్న నేలను మేత లేని నేలగా మార్చింది.

రెండో జవాబు సముద్రంలో ఉంది, అది కూడా లౌడ్‌స్పీకరే. పగడపు దిబ్బ ఆరోగ్యంగా ఉంటే అక్కడ పెనం మీద నూనె చిటపటలాడుతున్నట్లు ఎడతెగని ధ్వని ఉంటుంది. అందులో ఎక్కువ భాగం ఒక రకం చిన్న రొయ్యలది. అవి కొండిని ఎంత వేగంగా మూస్తాయంటే నీటిలో ఒక బుడగ పుట్టి, పగిలి, ఆ పేలుడే చప్పుడవుతుంది. వెలుపలి సముద్రంలో పెరిగిన బుల్లి చేపపిల్లలు స్థిరపడడానికి చోటు వెతుక్కుంటూ ఆ చిటపటలను విని వస్తాయి. ఆస్ట్రేలియా తీరంలోని గ్రేట్ బారియర్ రీఫ్‌లో 2016, 2017లలో వేడికి పగడాలు తెల్లబడి చచ్చాక ఆ దిబ్బలు మూగబోయాయి. పరిశోధకులు టిమ్ గోర్డన్, స్టీవ్ సింప్సన్, వారి సహచరులు చచ్చిన పగడపు ముక్కలను కుప్పలుగా పోసి, కొన్ని కుప్పల దగ్గర ఆరోగ్యమైన దిబ్బ ధ్వనిని 40 రోజులు వినిపించారు. ధ్వని ఉన్న కుప్పల దగ్గరికి, లేని కుప్పలతో పోలిస్తే, రెట్టింపు చేపలు వచ్చి చేరాయి; జాతుల సంఖ్య ఒకటిన్నర రెట్లయింది. ధ్వని పగడాన్ని బతికించదు, ఆ మాట వారే చెప్పారు. కానీ చేపలు వస్తే అవి పాచిని మేసి దిబ్బను శుభ్రం చేస్తాయి. మూగబోయిన దిబ్బకు చేపలు రావు, చేపలు రాకపోతే దిబ్బ కోలుకోదు, కోలుకోకపోతే ధ్వని పుట్టదు. ధ్వని ఫలితమే, నిజమే. ఆ ఫలితమే మళ్లీ కారణమవుతోంది. నా చెరువులోనూ అంతే జరిగిందని ఇప్పుడు నేను అనుకుంటున్నాను. జమ్ము పీకినప్పుడు కొన్ని కప్పలు పోయి ఉంటాయి. మిగిలినవి పిలిస్తే ఆ పిలుపు పంపు మోతలో పడి ఆడకప్పకు చేరి ఉండదు.

గుడ్డులోకి కూడా ధ్వని వెళుతుంది. ఆస్ట్రేలియాలోని జీబ్రా ఫించ్ అనే చిన్న పిట్టలు, గుడ్లు పొదిగే చివరి రోజుల్లో ఎండ 26 డిగ్రీలు దాటితే, గుడ్లను చూస్తూ ఒక ప్రత్యేకమైన పిలుపు పిలుస్తాయి. మిలీన్ మారియెట్, కేథరిన్ బుకానన్ 2016లో ప్రకటించిన పరిశోధనలో, ఆ పిలుపు విన్న గుడ్లలోంచి వచ్చిన పిల్లలు వేడి గూళ్లలో తక్కువ బరువుతో పెరిగాయనీ, వేడిలో చిన్న దేహం వాటికి మేలే చేసిందనీ తేలింది. పుట్టకముందే, కళ్లు తెరవకముందే, బయట ఎండ ఎలా ఉందో తల్లిదండ్రులు చెబుతున్నారు, పెంకులోపలి దేహం దానికి తగ్గట్టు సర్దుకుంటోంది. చెవి లేని మొక్క కూడా వింటుంది. టెల్ అవీవ్ విశ్వవిద్యాలయంలో లిలాక్ హదానీ బృందం తేనెటీగ రెక్కల ధ్వనిని ఈవెనింగ్ ప్రిమ్‌రోజ్ పూలకు వినిపిస్తే, మూడు నిమిషాల్లో వాటి మకరందంలో తీపి పెరిగింది. అక్కడ పువ్వు రేకులే కర్ణభేరిలా కంపించాయి.

మోత తగ్గితే ఏమవుతుందో తెలిపే సందర్భాలు అరుదుగా వస్తాయి, అవి కూడా దుఃఖంతో వస్తాయి. 2001 సెప్టెంబరు 11 దాడుల తరువాత కొద్ది రోజులు ఓడల రాకపోకలు బాగా తగ్గాయి. కెనడా తీరంలోని ఫండీ అఖాతంలో నీటి లోపలి మంద్రమైన మోత 6 డెసిబెళ్లు పడిపోయింది. అంటే ధ్వని శక్తి నాలుగో వంతుకు వచ్చిందన్నమాట. ఆ రోజుల్లో అక్కడే వేరే పని మీద రైట్ వేల్ తిమింగలాల పేడను సేకరిస్తున్న రోజలిండ్ రోలండ్ బృందం, తరువాత దాన్ని పరీక్షించి, ఒత్తిడి వల్ల పెరిగే హార్మోన్లు ఆ రోజుల్లో తగ్గాయని గుర్తించింది. అంతకుముందు ఆ జీవులు ఏటా, ప్రతి రోజూ, ఒత్తిడిలోనే ఉన్నాయని ఓడలు ఆగిన తరువాత గాని మనకు తెలియలేదు. 2020లో కరోనా వల్ల శాన్‌ఫ్రాన్సిస్కోలో రోడ్లు ఖాళీ అయినప్పుడు, అక్కడి పిచ్చుక జాతి ఒకటి గొంతు తగ్గించి, ఇంకా మెరుగ్గా పాడింది. గొంతు తగ్గినా పాట ఇంకా ఎక్కువ దూరం వెళ్లింది. అన్నేళ్లుగా అవి మన మోతను మించి అరుస్తూ బతికాయి.

మన పిల్లల సంగతి చెప్పకపోతే మీరు నన్ను క్షమించరు. జర్మనీలోని మ్యూనిక్‌లో 1992లో పాత విమానాశ్రయం మూసి, వేరేచోట కొత్తది తెరిచారు. రెండుచోట్లా పిల్లలను అంతకుముందూ ఆ తరువాతా పరీక్షించిన పరిశోధకులు, మోత ఆగినచోట పిల్లల జ్ఞాపకశక్తి, చదువు మెరుగుపడ్డాయనీ, మోత మొదలైనచోట తగ్గాయనీ చూపించారు. పిల్లలు మోతకు అలవాటు పడతారని పెద్దవాళ్లం అనుకుంటాం. వారు అలవాటు పడేది వినకుండా ఉండడానికి. అలా వినడం మానేసిన చెవి మోతతో పాటు మాటను కూడా వదిలేస్తుంది.

నా సమయం అయిపోయిందని అధ్యక్షులు సైగ చేస్తున్నారు, ముగిస్తాను. ఒక్క కోరిక ఉంది, అది ఈ సభకు వచ్చిన ఉపాధ్యాయులకూ, ఇంజనీర్లకూ, ఏదో ఒక నివేదిక మీద సంతకం పెట్టే స్థానంలో ఉన్నవారికీ. ఏ చెరువుకో, అడవికో, తీరానికో చేయి పెట్టే ముందు, ఏడాది పాటు అక్కడి తెల్లవారుజామునూ, అర్ధరాత్రినీ రికార్డు చేయించండి. అరచేతిలో పట్టే యంత్రాలు నెలల తరబడి ఆ పని చేస్తాయి. పని అయ్యాక మళ్లీ చేయించండి. రెండింటినీ ఒక బల్ల ముందు కూర్చొని వినండి. పాడేది పోయిందా, పాట మానుకొని దాక్కుందా, లేక వినే మన చెవే పోయిందా, ఈ మూడింటిలో ఏదో తేలిన తరువాత సంతకం పెట్టండి.

ఆ రోజు సమావేశంలో నాకు దొరకని నాలుగు నిమిషాలు ఈ సభ నాకు ఇచ్చింది. రికార్డరు ఈ బల్ల మీదే ఉంది. మొదటి రెండు నిమిషాలు పాత చెరువువి. కప్పలు నాకు వినిపిస్తాయి. కీచురాళ్లు ఎప్పుడు మొదలవుతాయో నాకు తెలియదు కనుక, ముందు వరుసలో కూర్చున్న నా మనుమరాలు అప్పుడు చెయ్యి ఎత్తుతుంది. అవి ఉన్నంతసేపూ ఎత్తే ఉంచుతుంది. దయచేసి ఫ్యాన్లు మళ్లీ ఆపండి.